రెండూ కలిపే ఇస్తాం

ఆ రోజు ధనమ్మ ఫోనుకి అది తొమ్మిదో కాల్. పొయ్యి మీద కుక్కల అన్నం అడుగంటుతోంది. జగ్గారావు డ్యూటీకి టైమవుతోంది, అతని డబ్బాలో కూర ఇంకా పెట్టనేలేదు. ధనమ్మ గరిటె ఎడమ చేతికి మార్చుకుని ఫోను చెవికి ఆనించింది.

"కుత్తా దేనే వాలా నంబర్ యహీ హై క్యా?" కుక్కనిచ్చే నంబరు ఇదేనా అంది అవతలి గొంతు.

"హా. దో హై. దోనో సాథ్ మే దేంగే," రెండూ కలిపే ఇస్తాం అంది ధనమ్మ. ముప్ఫై ఏళ్ళుగా టాటానగర్ రైల్వే కోటర్లలో ఉంటున్నా ఆమె హిందీలోంచి టెక్కలి యాస పోలేదు.

"ఛోటా వాలా దే దీజియే. అంధా నహీ చాహియే." చిన్నది చాలట, గుడ్డిది వద్దట.

"నహీ చాహియే తో ఫోన్ కాయ్‌కో కియా?" వద్దనుకుంటే ఫోనెందుకు చేశావని ధనమ్మ అరిచేసరికి అవతలివాళ్ళు పెట్టేశారు. అన్నం మాడిన వాసన ఇల్లంతా కమ్మింది.

ఇదంతా కూతురు వెన్నెల నిర్వాకం. వెన్నెలకి ఇరవై నాలుగేళ్ళు. బిష్టుపూర్‌లో ఒక పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. దెబ్బలు తగిలిన వీధికుక్కల్ని బాగుచేసి, పెంచుకునేవాళ్ళని వెతికి పెట్టడం ఆమెకీ, ఆమె స్నేహితులు నలుగురికీ అలవాటు. వానలు మొదలయ్యే ముందు కాలనీ చివర పాత కోటర్లు పడగొట్టినప్పుడు, అందులో ఎవరో ఖాళీ చేసి వెళ్ళిపోతూ వదిలేసిన రెండు కుక్కలు ఇటికముక్కల మధ్య దొరికాయి. పెద్దది భోలా, గోధుమరంగు మగకుక్క. పదకొండేళ్ళుంటాయి, రెండు కళ్ళూ పాలు పోసినట్టు తెల్లబడిపోయాయి, వెలుతురు కూడా తెలియదు. చిన్నది టిక్లీ, రెండేళ్ళ ఆడకుక్క. తెల్లటి ఒళ్ళు, నుదుటి మీద నల్లటి బొట్టు. టిక్లీ ముందు నడుస్తుంటే భోలా దాని తొడకి ముక్కు ఆనించి వెనక నడుస్తాడు. మెట్టు వస్తే టిక్లీ ఆగుతుంది, భోలా ఆగుతాడు. తిండి పెడితే భోలా గిన్నె ఎక్కడుందో తడుముకుని మూతి పెట్టేదాకా టిక్లీ తన గిన్నె ముట్టదు.

వారం రోజులే అని తెచ్చింది వెన్నెల. రెండు నెలలైంది. రెండింటి ఫొటో తీసి, కింద 'రెండూ కలిపే ఇస్తాం' అని హిందీలో రాసి ఊళ్ళో ఉన్న గ్రూపులన్నిటిలో పెట్టింది. దాని కింద తల్లి నంబరు వేసింది.

"నా నంబరు ఎందుకేసినావే?" అని ధనమ్మ అడిగితే, "క్లినిక్ మే ఫోన్ నహీ ఉఠా సక్తీ మమ్మీ. తూ తో ఘర్ పే హీ రహతీ హై," అంది.

ఇంట్లోనే ఉంటావుగా అన్న ఆ మాట ధనమ్మకి ఒళ్ళు మండించింది. ఇంట్లో ఉండే మనిషికి పనేదీ ఉండదనా?

వచ్చినవాళ్ళందరూ టిక్లీని చూసి ముచ్చటపడ్డారు. భోలాని చూసి "అయ్యో పాపం" అన్నారు. ఒకాయన టిక్లీని తీసుకెళ్తాను, గుడ్డిదాన్ని ఎవరైనా గోశాలకి ఇచ్చెయ్యండి అని సలహా చెప్పాడు. గోశాలలో కుక్కనేటి సేత్తారు బాబూ అని ధనమ్మ అడిగితే ఆయన టైమైందంటూ చెప్పులేసుకున్నాడు. ఇంకొకామె మంగళవారాలు మాంసం ముట్టని కుక్కేనా అని ఆరా తీసింది. ఇద్దరు అమ్మాయిలు వచ్చి భోలాతో ఫొటోలు దిగి, కళ్ళు తుడుచుకుని, టీ తాగి వెళ్ళిపోయారు.

జగ్గారావు గోల జగ్గారావుది. వేగన్ రిపేరులో టెక్నీషియన్. నైట్ షిఫ్టు చేసి వచ్చి పొద్దున్న పడుకుందామంటే పాలవాడొస్తే ఒక మొరుగు, పేపరువాడొస్తే ఒక మొరుగు. "ఈ కోటర్లో మనుసులకే జాగా నేదు. నాను నిద్దరోయి నెల్లాళ్ళయింది ధనం. ఎవడో ఒకడికి ఇచ్చీ," అనేవాడు కళ్ళు ఎర్రగా చేసుకుని. అతను అబద్ధం చెప్పడం లేదు. ఒకరోజు డ్యూటీలో నిలబడే కునికిపాటు పడ్డాడని తోటివాళ్ళు వచ్చి చెప్పారు. ధనమ్మకి ఆ మాట విన్నప్పటి నుంచీ గుండెల్లో బెదురు పట్టుకుంది.

ఇలాంటప్పుడు వచ్చాడు ఉమామహేశ్వర్.

ఆదివారం పొద్దున్న భార్య లీలతో వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న నోటు పుస్తకం. స్టీలు కర్మాగారంలో ఇంజినీరు. కదమాలో కంపెనీ క్వార్టర్సు. వరండాలో కుర్చీ వేస్తే కూర్చోకుండా పుస్తకం తెరిచాడు.

"ధనమ్మగారూ, ఈ పెద్దది రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు తాగుతుందండీ?"

"దాహం వేసినప్పుడల్లా తాగుద్ది బాబూ."

"అంటే సుమారుగా?"

ధనమ్మ లెక్కపెట్టలేదు. అయిదారుసార్లు అంది. ఆయన రాసుకున్నాడు. కుక్కరు విజిలుకి బెదురుతుందా? ఉరుములకి? ఇదివరకటివాళ్ళు దీనితో ఏ భాషలో మాట్లాడేవాళ్ళు? నిద్రలో గురక పెడుతుందా? నేల తడిగా ఉంటే నడుస్తుందా? చిన్నది లేనప్పుడు పెద్దది ఎంతసేపు ఉండగలదు?

"బాబూ," అంది ధనమ్మ చివరికి, "మాయన నన్ను సూడ్డానికొచ్చినప్పుడు నా పేరొక్కటే అడిగినాడు. ముప్పయ్యేళ్ళయింది, బాగానే ఉన్నాం."

లీల నవ్వింది. ఆమె వచ్చినప్పటి నుంచీ ఒక్కమాట మాట్లాడలేదు. నేల మీద చతికిలబడి, అరచెయ్యి భోలా ముక్కుకి జానెడు దూరంలో ఉంచి అలాగే కూర్చుంది. ముట్టుకోలేదు, పిలవలేదు. భోలా చాలాసేపటికి మెడ చాపి ఆ చెయ్యి వాసన చూశాడు.

"సరేనండీ. ఆలోచించుకుని చెప్తాం," అని పుస్తకం మూశాడు ఉమామహేశ్వర్.

బుధవారం సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి టేపు తెచ్చాడు. భోలా ఎత్తు, పొడుగు, ఛాతీ వెడల్పు కొలిచాడు. ముందుకాలు ఎంత ఎత్తు దాకా లేపుతున్నాడో చూస్తానని రెండు ఇటికలు తెప్పించాడు. "ఆలోచించుకుని చెప్తాం," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడుసార్లు ఫోను చేశాడు, మూడుసార్లూ ఏదో ఒకటి అడగడానికే. నిద్రపోతున్న జగ్గారావు లేచి కూర్చుని, "ఎవుడతను? కుక్కని తీసుకెల్తాడా, కుక్కకి చొక్కా కుట్టిత్తాడా?" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం తెల్లకారొకటి కోటరు ముందు ఆగింది. అందులోంచి దిగినతను దిగుతూనే నమస్కారం పెట్టాడు. పేరు చంద్రశేఖర్. గమ్హరియాలో చిన్న షెడ్డు ఉంది, ప్రెస్సు మిషన్ల మీద ఇనప సామాన్లు చేస్తారు.

"మీదే ఊరక్కా?" అన్నాడు.

"టెక్కలి."

"ఓలమ్మ! మాది పలాస! మరింకేటి, మనోళ్ళే!" అంటూ వరండాలో నేల మీదే కూర్చున్నాడు. టిక్లీ తల నిమిరాడు. భోలా తల కూడా నిమిరాడు. "రెండూ ఇచ్చీయక్కా. బోల్డు జాగా ఉంది. రాజాల్లాగుంటాయి."

నీళ్ళెన్నిసార్లు తాగుతాయని అతను అడగలేదు. గురక సంగతి అడగలేదు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ధనమ్మకి రెండు నెలలుగా నెత్తిన ఉన్న బరువు ఎవరో దింపినట్టయింది. ఇల్లు చూడకుండా ఇవ్వకూడదన్నది వెన్నెల పెట్టిన నియమం. ఫారం నింపించుకోవాలి, కాగితాలు తీసుకోవాలి. వెన్నెలకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ధనమ్మ చెయ్యలేదు. చేస్తే వద్దంటుందని ఆమెకి తెలుసు.

వెనక సీటు మీద గోనెపట్టా పరిచి భోలాని ధనమ్మే ఎత్తి కూర్చోబెట్టింది. టిక్లీ తనంతట తానే దూకింది. కారు మలుపు తిరిగిపోయింది. ఆ మధ్యాహ్నం జగ్గారావు ఆరుగంటలు కదలకుండా నిద్రపోయాడు. ధనమ్మ రెండు నెలల తర్వాత మొదటిసారి టీ వేడిగా ఉండగానే తాగింది.

వెన్నెల రాత్రి భోజనానికి వచ్చి ఖాళీ వరండా చూసింది.

"కిస్‌కో దియా?" ఎవరికిచ్చావంది.

"మనోడే. పలాస."

"ఘర్ దేఖా?" ఇల్లు చూశావా అంది.

"జాగా బోల్డుందన్నాడు."

"ఉస్‌నే బోలా, ఔర్ తూనే మాన్ లియా? ఫారం? ఆధార్ కాపీ?" అతనంటే నమ్మేశావా అని నిలదీసింది.

"కుక్కకి ఆధారేటే?"

"కుత్తే కా నహీ మమ్మీ, ఉస్ ఆద్మీ కా!" కుక్కది కాదు, తీసుకెళ్ళినవాడిది అని వెన్నెల కంచం తోసేసి లేచిపోయింది. "కొద్దిగా ఆగలేకపోనావా?" అని గుమ్మంలోంచి తెలుగులో అని తలుపు వేసుకుంది.

"నీకేటి, నువ్వు పొద్దున్న ఎల్తే రాత్రికొత్తావు! ఇంట్లో ఉండేది నాను!" అని ధనమ్మ మూసిన తలుపుతో అంది. ఆమెకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మొరిగే కుక్కల్లేని నిశ్శబ్దంలో కూడా.

మర్నాడు చంద్రశేఖర్‌కి ఫోను చేస్తే "సూపర్‌గా ఉన్నాయక్కా" అన్నాడు. ఆ మర్నాడు ఒక ఫొటో పంపించాడు. నీలం గేటు పక్కన టిక్లీ. భోలా ఏడంటే "పడుకున్నాడక్కా" అన్నాడు. సోమవారం ఫోను ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఉమామహేశ్వర్ ఫోను చేశాడు. "ధనమ్మగారూ, పెద్దదానికి ఏటవాలుగా ఉన్న చెక్క మీద నడవడం అలవాటేనా అండీ?"

"ఇచ్చేసినాను బాబూ," అంది ధనమ్మ.

"రెండూనా?"

"రెండూ."

"ఆ స్థలం మీరు చూశారా అండీ?"

"అందరూ నన్నే అడగండి! మీరు పుస్తకాలు పుస్తకాలు రాసుకుంటా ఆలోచించుకుంటా కూకుంటే నాను ఎన్నాళ్ళు వండి పెట్టాల? తీసుకెల్లినోడు తీసుకెల్లినాడు!" అని ఫోను పెట్టేసింది. కోపం ఆయన మీద కాదని ఆమెకి తెలుస్తూనే ఉంది.

మంగళవారం జగ్గారావు పొద్దుటి డ్యూటీకి వెళ్ళగానే ధనమ్మ స్టేషనుకి వెళ్ళి ప్యాసింజరెక్కింది. టాటానగర్ తర్వాత ఆదిత్యపూర్, ఆ తర్వాత గమ్హరియా. దిగి, ఆటోవాడికి ఫోనులో ఫొటో చూపించి, నీలం గేట్లున్న షెడ్లన్నీ తిరిగి పన్నెండు గంటలకి ఆ గేటు పట్టుకుంది.

సందు మొదట్లోనే ప్రెస్సుల మోత మొదలైంది. ఒక్కో దెబ్బకీ కాళ్ళ కింద నేల అదురుతోంది. గేటు పక్కన మూరెడు గొలుసుతో టిక్లీ. నీళ్ళ గిన్నె బోర్లా పడి ఉంది. ధనమ్మని చూసి అది మొరగలేదు. గొలుసు మెడకి బిగుసుకునేదాకా వెనకకాళ్ళ మీద లేచి నిలబడింది.

"ముసలోడేడి?" అంది ధనమ్మ వాచ్‌మన్‌తో. అతనికి అర్థం కాలేదు. "బుడ్ఢా వాలా కహా హై?"

వాచ్‌మన్ పెద్దవాడు. తల దించుకున్నాడు. మిషన్ల మోతకి బెదిరి కుక్క మనుషుల కాళ్ళకి అడ్డం పడుతోందట. నిన్న పొద్దున్న ఒక పనివాడి చెయ్యి ప్రెస్సులో పడబోయిందట. "సాహెబ్ బోలే, బాహర్ ఛోడ్ దో," బయట వదిలెయ్యమని యజమానే చెప్పాడన్నాడు.

లోపల్నించి చంద్రశేఖర్ వచ్చాడు. "అక్కా! ఫోన్ సేసి రావొచ్చు గదా!"

"ఏడి వాడు?"

"గేటు తీసుంటే ఎల్లిపోనాడక్కా. గుడ్డిది, ఏటి సేత్తాం. సిన్నది బాగుంది. కాపలాకి సిన్నది సాలు."

"రెండూ కావాలన్నావు గదా!"

చంద్రశేఖర్ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "రెండూ కలిపితేనే ఇత్తామని నువ్వే రాసినావు గదక్కా! నాకు కావాల్సింది ఒకటే."

ఆ గుడ్డికుక్కని కాపాడదామని రాసిన మాటే వాడిని ఈ రోడ్డు మీదకి తెచ్చింది. ధనమ్మ వంగి టిక్లీ గొలుసు విప్పింది. గొలుసు అతని కాళ్ళ దగ్గర పడేసి, టిక్లీ మెడకి తన కొంగు చివర చుట్టి బయటికి నడిచింది. చంద్రశేఖర్ అడ్డం రాలేదు. పలాస మాట కూడా మళ్ళీ ఎత్తలేదు.

సందులో నిలబడి ఫోను తీసింది. వెన్నెల పేరు మీదికి వేలు పోలేదు. జగ్గారావు డ్యూటీలో ఉంటే ఫోను ఎత్తడు. దాని కింద ఉమామహేశ్వర్ నంబరుంది. నొక్కింది. హలో అనగానే ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పింది.

"ఏ గేటు? ఎన్నింటికి వదిలారు? వాన పడుతోందా అక్కడ?" అని అడిగాడాయన. తర్వాత, "వస్తున్నాను. ఎక్కడికీ కదలకండి," అన్నాడు.

గంటలోపే కారు వచ్చింది. లీల నడుపుతోంది, కర్మాగారం గేటు దగ్గర ఆయన్ని ఎక్కించుకుని ఖర్కాయ్ వంతెన మీదుగా వచ్చారు. ఆయన ఇంకా డ్యూటీ బూట్లతోనే ఉన్నాడు. దిగి, నేరుగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి మొదలుపెట్టాడు. సరిగ్గా ఎక్కడ వదిలావు? మొహం ఎటు పెట్టి వదిలావు? అప్పుడు మిషన్లు నడుస్తున్నాయా? వెనక్కి తిరిగి చూశావా? చూస్తే ఎటు నడుస్తోంది?

"ఇప్పుడు కూడానా బాబూ!" అని అరిచింది ధనమ్మ. "ఎతకండి బాబూ ముందు!"

లీల ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అడగనివ్వండి ధనమ్మగారూ. పదమూడేళ్ళ నుంచీ చూస్తున్నాను, ముందు అడిగితేగాని ఆయనకి కాళ్ళు కదలవు."

పెద్దరోడ్డు మీద వదలడానికి మనసొప్పక, వెనకవైపు మూతపడ్డ ఫ్యాక్టరీ ప్రహరీ దగ్గర వదిలానన్నాడు వాచ్‌మన్. అందరూ అక్కడికి వెళ్ళారు. పొడవాటి ఇటికగోడ రెండువైపులా పోతోంది.

"మీ వరండాలో గోడవార నడిచేటప్పుడు ఏ పక్క ఆనిస్తాడండీ?" అన్నాడు ఉమామహేశ్వర్.

ధనమ్మ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. "ఎడం పక్క. టిక్లీ పక్కన నేకపోతే ఎడం పక్కే."

"అయితే గోడ ఎడమకి వచ్చేట్టు నడిచుంటాడు. అంటే అటు. మోతకి దూరంగా కూడా అటే."

కానీ టిక్లీ ఇటు లాగుతోంది. ముక్కు నేలకి పెట్టి, కొంగు చినిగేంత బలంగా రోడ్డువైపు లాగుతోంది. "కుక్కకి తెల్దా బాబూ? దాని ముక్కుకన్నా మీ పుస్తకం ఎక్కువా?" అని ధనమ్మ టిక్లీ వెనక పరుగెత్తింది. చెప్పులు జారుతున్నా ఆగలేదు. టిక్లీ ఆమెని రెండు సందులు దాటించి, పెద్దరోడ్డు పక్కన ఒక పకోడీ బండి దగ్గరికి తీసుకెళ్ళి ఆగింది. కింద పడ్డ ముక్కలు గబగబా మింగడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల ఆకలి దానిది.

ధనమ్మ నడుం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తిట్టడానికి కూడా ఊపిరి లేదు. అప్పుడు ఫోను మోగింది.

"దొరికాడు," అంది లీల.

గోడ రెండు మలుపులు తిరిగి, లారీలు ఆగే బయలు దగ్గర అయిపోయింది. అక్కడ ఆగిపోయాడు భోలా. ఆనుకోడానికి ఆ తర్వాత ఏమీ లేదు. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ ఇంత పగలు అక్కడే ఉన్నట్టున్నాడు, పగిలిన సిమెంటు గొట్టంలో వీపు గోడకి ఆనించుకుని. ముందుకాలు చీరుకుపోయింది. లీల బురదలో చతికిలబడి, అరచెయ్యి దాని ముక్కుకి జానెడు దూరంలో ఉంచి కూర్చుంది. ఉమామహేశ్వర్ పక్కన నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు.

టిక్లీ వెళ్ళి భోలా పక్కన నిలబడింది. భోలా ముక్కు గాల్లో వెతికి, దాని తొడ దొరికాక అక్కడ ఆనించి, బరువుగా ఊపిరి వదిలాడు.

కారులో ధనమ్మ వెనక సీట్లో రెండింటి మధ్య కూర్చుంది. మురికి నీళ్ళు చీరంతా. ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు తీసుకెళ్తామంటారు అని ఎదురుచూసింది. వంతెన దాటారు. బిష్టుపూర్ వచ్చింది.

"ముందు క్లినిక్‌లో కాలు చూపిద్దాం," అన్నాడు ఉమామహేశ్వర్. "తర్వాత సంగతి... ఆలోచించుకుని చెప్తామండీ."

ధనమ్మకి నడుస్తున్న కారులోంచి దూకేద్దామనిపించింది.

క్లినిక్‌లో భోలా కాలికి కట్టుకడుతున్నంతసేపూ వెన్నెల తలెత్తలేదు. ధనమ్మ బల్ల పక్కన నిలబడి, "సూడకుండా ఇచ్చేసినాను. నీకు ఫోన్ సెయ్యకూడదనే సెయ్యనేదు. తప్పు నాదే," అంది. చెప్పుకోడానికి జగ్గారావు నిద్ర ఉంది, రెండు నెలల చాకిరీ ఉంది. అవేవీ చెప్పలేదు. వెన్నెల కట్టు చివర చింపి ముడి వేసింది. సొరుగులోంచి ఫారాల కట్ట తీసి తల్లి చేతిలో పెట్టింది.

"అబ్ సే తూ భరేగీ," ఇకనుంచి నువ్వే నింపాలంది. సొరుగు మూస్తూ, "నీ నంబరు ఏసే ముందు అడగాల్సింది. సారీ," అని గొణిగింది.

పన్నెండు రోజులు ఆలోచించుకున్నాడు ఉమామహేశ్వర్, అన్నాళ్ళూ రెండూ మళ్ళీ ధనమ్మ వరండాలోనే ఉన్నాయి. పదమూడో రోజు సిద్ధమని ఫోను చేశాడు. ఫారం పట్టుకుని కదమా వెళ్ళింది ధనమ్మే. ఇల్లంతా చూసింది. ఇంటి వెనక గేటుకి గొళ్ళెం సరిగ్గా పడుతుందా అని మూడుసార్లు వేసి తీసింది. మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు? పని మనిషికి కుక్కంటే భయమా? టపాకాయల రోజున ఏ గదిలో పెడతారు? ఉమామహేశ్వర్ నిలబడి, బడిపిల్లాడిలా ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. లీల వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది.

ప్రతి గుమ్మం దగ్గరా కొబ్బరిపీచు పట్టా పరిచి ఉంది, కాలికి తగలగానే గుమ్మం వచ్చిందని తెలిసేట్టు. సోఫా కోళ్ళకి పాత తువ్వాళ్ళు చుట్టారు. పెరట్లోకి దిగే మూడు మెట్ల మీద ఏటవాలుగా వెడల్పాటి చెక్క, జారకుండా దాని మీద అడ్డంగా సన్నటి పట్టీలు.

"ఇది ఎప్పుడు సేయించినారమ్మా?" అంది ధనమ్మ.

"మీరు ఇచ్చేశానని చెప్పిన రోజుకే చేయించేశారు," అంది లీల. "ఆ చెక్క మీద నడుస్తాడా అని కనుక్కోడానికే ఫోన్ చేశారు. మీరు ఇచ్చేశానన్నాక ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు."

ధనమ్మ గిర్రున ఆయనవైపు తిరిగింది. "ఏటి మనిషి బాబూ మీరు! ఆ ముక్క నాకు ముందు సెప్పుంటే ఎవడికీ ఇవ్వకపోదును గదా! తీసుకుంటాం, కొంచెం ఆగండి అనడానికి ఏటడ్డం?"

"ఖాయం కాకుండా ఎలా చెప్తామండీ?" అన్నాడాయన. కళ్ళజోడు సర్దుకుని, "చెప్పాల్సింది," అన్నాడు నెమ్మదిగా.

ధనమ్మ ఫారంలో సంతకం పెట్టి ఇచ్చింది. ఆ ఆదివారమే రెండూ కదమా వెళ్ళాయి.

నెలరోజుల తర్వాత చూడ్డానికి వెళ్ళింది. వెళ్ళేసరికి మధ్యాహ్నం నాలుగు దాటింది, కుంభవృష్టి కురిసి వెలిసింది. వరండాలో భోలా ఒక్కడే ఉన్నాడు. ధనమ్మ చెప్పులు విప్పకుండానే లోపలికి తొంగిచూసింది. "టిక్లీ ఏదమ్మా?"

"పెరట్లో ఉంటుంది లెండి," అంది లీల తాపీగా.

భోలా లేచాడు. ఎవరి తొడా లేకుండా, గోడకి కూడా ఆనకుండా, హాలు మధ్యలోంచి నడిచాడు. పీచుపట్టా కాలికి తగలగానే కొంచెం ఆగి గుమ్మం దాటాడు. వంటింట్లో నీళ్ళు తాగాడు. తిరిగొస్తూ ధనమ్మ దగ్గర ఆగి ఆమె చీర అంచు వాసన చూసి, తోక రెండుసార్లు ఊపి, వెళ్ళి తన చోట పడుకున్నాడు. ఆమె చెయ్యి అతని తల మీదికి పోయేలోగానే గురక మొదలైంది.

ధనమ్మ పెరటి గుమ్మంలోకి వెళ్ళి చూసింది. తడిగడ్డిలో టిక్లీ ఒక మైనాని తరుముతోంది. మైనా ఎగిరిపోయింది. టిక్లీ ఊరికే, ఏమీ లేకుండానే, పెరడంతా గుండ్రంగా పరుగులు తీసింది, జారి పడింది, లేచి మళ్ళీ పరుగెత్తింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. రెండు నెలలకి పైగా ఇంట్లో పెట్టుకుని, ఆ పిల్లకి పరుగెత్తడం వచ్చని ధనమ్మకి తెలియనే తెలియదు.

"నెల్లాళ్ళయింది, ఒక్కతీ నన్ను పలకరించనేదు సూడండి," అంది కళ్ళు తుడుచుకుంటూ. "రెండు నెలలు వండి పోసినాను."

"ధనమ్మగారూ," అన్నాడు ఉమామహేశ్వర్ వెనకనించి, చేతిలో పుస్తకంతో. "మీ ఇంట్లో అన్నంలో పసుపు వేసేవారా అండీ?"

"ఏసేదాన్ని బాబూ," అంది ధనమ్మ, వెనక్కి తిరక్కుండానే. "చిటికెడు. రాసుకోండి."